రంగంలో అద్దె గది

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాతతరం వాళ్ళు రంగూన్ అనేవాళ్ళు కాదు, రంగం అనేవాళ్ళు. “ఆడు రంగమెల్లిపోనాడు” అంటే ఇంకే వివరమూ అక్కర్లేదు. అప్పు తీర్చడానికో, చెల్లెలి పెళ్ళికో, అన్నదమ్ములతో పడకో, వానల్లేకో, మొత్తానికి సముద్రం దాటి బర్మా పోయాడని. తిరిగొచ్చినవాడి గురించీ కథలుంటాయి. ఏం తెచ్చాడు, ఎంత తెచ్చాడు, అక్కడ ఇంకో సంసారం పెట్టాడా లేదా. నేను విన్నవాటిల్లో ఒక్కదాన్లోనూ లేని సంగతి ఒకటుంది. అన్నాళ్ళూ ఆ మనిషి రాత్రిపూట ఎక్కడ పడుకున్నాడు? ఆ చోటుకి అద్దె ఎవరికి కట్టాడు?

ఊరు వదిలి సిటీలో బతికే మన తరానికి ఇదే మొదటి ప్రశ్న. అడ్వాన్సు ఎన్ని నెలలది, నీళ్ళొస్తాయా, బ్యాచిలర్లకి ఇస్తారా, “మీరేమిట్లు?” అని ఓనర్ ఎప్పుడు అడుగుతాడు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం వలస అంటే ఓడలు, లెక్కలు, చట్టాలు. గదుల గురించి రాసేవాళ్ళు తక్కువ. రంగం విషయంలో అదృష్టవశాత్తూ (ఆ మాట ఇక్కడ వాడొచ్చో లేదో) గదుల గురించి బాగానే రాసి పెట్టారు. ఎందుకంటే ఆ గదులు చూసి అధికారులకే ఊపిరాడలేదు.

1928లో బెన్నిసన్ అనే అధికారి రంగూన్ కార్మికుల బతుకు ఖర్చుల మీద ఒక నివేదిక రాశాడు. 1931లో విట్లీ అధ్యక్షతన వచ్చిన రాయల్ లేబర్ కమిషన్ తన సంపుటాల్లో ఒకటి బర్మాకే కేటాయించింది. 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ ‘రంగూన్‌లో భారతీయ శ్రామికులు’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే వేశాడు. వీటిల్లో శ్రీకాకుళం, విజయనగరం అని వెతికితే మాత్రం నిరాశే మిగులుతుంది. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, ఇంగ్లీషు వాళ్ళ నోట చికాకోల్‌గా. విజయనగరం విశాఖపట్నం జిల్లాలోది. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది, విజయనగరం జిల్లా 1979లో. కాబట్టి ఆ కాగితాల్లో మనవాళ్ళు “గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్ళు”గా ఉంటారు. ఇంకా మామూలుగా అయితే ఒకే ఒక్క మాట: కోరంగీలు.

కోరంగి కాకినాడ పక్కన గోదావరి ముఖద్వారంలో ఉన్న పాత రేవు. 1839 తుపానుకి ఊరూ రేవూ కూడా ఊడ్చిపెట్టుకుపోయాయి. కానీ అక్కణ్ణించి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ వల్ల ఆ పేరు అవతలి ఒడ్డున బతికిపోయింది. తర్వాత కళింగపట్నంలో ఎక్కినా, బారువలో ఎక్కినా, భీమిలిలో ఎక్కినా, రంగూన్‌లో దిగేసరికి కోరంగీయే. జీవితంలో కోరంగి మొహం చూడని సిక్కోలు మనిషి కూడా.

రంగూన్ గురించి కొంచెం చెప్పుకోవాలి. 1852 యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళు ఆ ఊరు పట్టుకున్నాక దాన్ని దాదాపు కొత్తగా కట్టారు. పాత ఊరు నది ఒడ్డున చిత్తడి నేల, పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళెక్కే కాలవలు, కర్ర వంతెనలు. మాంట్‌గొమెరీ అనే డాక్టరూ, ఫ్రేజర్ అనే ఇంజనీరూ కలిసి గళ్ళనుడికట్టు లాంటి నక్షా గీశారు. నదికి సమాంతరంగా పెద్ద రోడ్లు, వాటిని అడ్డంగా కోస్తూ సన్నని వీధులు. చాలా వీధులకి పేర్లు కూడా పెట్టలేదు, నంబర్లేశారు. కాలవలు పూడ్చడానికీ, మట్టి పోసి నేల ఎత్తు చెయ్యడానికీ అయ్యే ఖర్చు ఎక్కణ్ణించి రావాలి? స్థలాలు అమ్మి రాబట్టారు. అంటే ఈ ఊరు మొదటి రోజు నుంచీ ఒక రియల్ ఎస్టేట్ వెంచర్. డబ్బున్నవాడు కొన్నాడు. తర్వాతి కాలంలో ఆ కొన్నవాళ్ళలో తమిళ చెట్టియార్లు, గుజరాతీ వర్తకులు, చైనా వాళ్ళు, యూరప్ కంపెనీలు అందరూ ఉన్నారు. తెలుగువాళ్ళలో స్థలాలూ భవనాలూ ఉన్నవాళ్ళు లేకపోలేదు గానీ, చేతివేళ్ళ లెక్కే. ఊరి పన్నుల్లో సగానికి పైగా కట్టేది భారతీయులేనని ఆ రోజుల్లో గర్వంగా చెప్పుకునేవారు. పన్ను కట్టే భారతీయుడు వేరు, ఆ కట్టడంలో అయిదో మనిషిగా నేల మీద పడుకునే భారతీయుడు వేరు. ఇద్దర్నీ కలిపి “మనవాళ్ళు” అనడం నాకు మింగుడు పడదు.

ఊరికి తూర్పున పజుండౌంగ్. మనవైపు మాటలో గెడ్డ అనాలనిపిస్తుంది గానీ, నిజానికి అది ఉప్పుటేరు లాంటిది, పోటుకీ పాటుకీ ఎక్కుతూ దిగుతూ ఉండే నదీపాయ. దాని ఒడ్డంతా ధాన్యం మిల్లులు, కలప మిల్లులు. ఐరావతి డెల్టా ధాన్యం పడవల్లో వచ్చి మిల్లులో దిగుతుంది, బియ్యమై ఓడెక్కుతుంది. ఊక కాల్చిన పొగ, ఈతలు కొట్టుకొచ్చే దుంగలు, రాత్రింబవళ్ళు యంత్రాల మోత. పడవ నుంచి మిల్లుకీ, మిల్లు నుంచి పడవకీ బస్తా మోసే వీపుల్లో ఎక్కువ భాగం తెలుగువి. రేవులో సరుకు దించేదీ వాళ్ళే, రిక్షా లాగేదీ వాళ్ళే, వీధులు ఊడ్చేదీ, పాకీ పని చేసేదీ వాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో నాలుగు లక్షల మంది. అందులో సగానికి మించి భారతీయులు. 1927లో అయితే ఒక్క ఏడాదిలోనే నాలుగు లక్షలమందికి పైగా ఇండియా నుంచి బర్మాలో దిగారు. వచ్చినవాళ్ళలో చాలామంది ఏడాదికో రెండేళ్ళకో, మూడేళ్ళకో వెనక్కి వెళ్ళేవాళ్ళే. కోతలయ్యాక బయల్దేరి, మిల్లుల సీజను చూసుకుని వానల ముందు ఇంటికి తిరిగే వాళ్ళూ ఉండేవారు. ఇంతమంది వస్తూ పోతూ ఉంటే ఎక్కడ పెడతారు?

ఇక్కడ మేస్త్రీ రావాలి. ఊళ్ళోకి వచ్చి, పదో పాతికో చేతిలో పెట్టి, ఓడ టిక్కెట్టు కొని, తీసుకెళ్ళి, పనిలో పెట్టేవాడు మేస్త్రీ. కంపెనీకి కూలీ పేరు తెలీదు, కూలీకి కంపెనీ ఎవరిదో తెలీదు. మధ్యలో మేస్త్రీ, అతని మీద పెద్ద మేస్త్రీ, ఆ పైన కాంట్రాక్టరు. కూలి డబ్బు పైనుంచి జారుతూ ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెం ఇంకిపోతూ కిందికొచ్చేది. ఇదంతా వలస చరిత్ర చదివినవాళ్ళకి తెలిసిందే. తక్కువ మంది పట్టించుకున్న సంగతి ఏమిటంటే, మేస్త్రీయే ఇంటి ఓనరు కూడా. సరిగ్గా చెప్పాలంటే ఓనరు కాదు. అతనూ అద్దెకున్నవాడే. నంబరు వీధిలో ఒక గదో, అంతస్తో తన పేరున అద్దెకి తీసుకుని, తన ముఠాని అందులో పెట్టి, తలకింత అని కూలిలోంచి విరిచేసుకునేవాడు. అద్దె ఎక్కువ తలల మీద పడితే తలకి తక్కువవుతుంది, లేదా మేస్త్రీకి మిగులుతుంది. రెండు లెక్కలూ కలిసి మనుషుల్ని గదిలోకి కుక్కే వైపే నడిచేవి.

ఆ కట్టడాలు ఎలా ఉండేవో ఊహించడానికి పెద్ద కష్టమేమీ లేదు, రంగూన్ నంబరు వీధుల్లో అలాంటివి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ముందు వైపు సన్నగా, లోపలికి రైలుపెట్టెలా పొడుగ్గా. వెలుతురు ముందు తలుపులోంచి కొంచెం, వెనక సందులోంచి కొంచెం. మధ్యలో పగలూ చీకటే. మునిసిపాలిటీ ఇలాంటి వాటికి లాడ్జింగ్ హౌస్ లైసెన్సు ఇచ్చేది. తలకి ఇన్ని చదరపు అడుగుల నేల ఉండాలి, కాబట్టి ఈ గదిలో ఇంతమందే పడుకోవాలి అని రాసి ఉండేది. ఆ లెక్క ఎవరూ పాటించలేదు. లైసెన్సులో రాసినదానికి రెండింతలు, మూడింతలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువమంది ఉండేవాళ్ళు. రాత్రి పనికి వెళ్ళేవాడు లేచిన చాప మీద పగటి పనినుంచి వచ్చినవాడు వాలేవాడు. చాప చల్లారేది కాదు. పొయ్యి అదే గదిలోనో, వెనక సందులోనో. కాస్త దూరంలో మరుగుదొడ్డి. ముఠాలో ఒకడు వండేవాడు, వాడికి బరువు పని తప్పేది.

ఎండాకాలంలో సగంమంది బయటే పడుకునేవారు, పేవ్‌మెంటు మీద, మెట్ల మీద, రేవులో బస్తాల పక్కన. రిక్షా లాగేవాడికి అదే నయం. గదిలో లెక్కకి మించి జనం ఉన్నారని రాత్రిపూట తనిఖీకి వస్తే ఏం జరుగుతుంది? ఎక్కువైన తలలు రోడ్డు మీదికి రావాలి. రోడ్డు మీద పడుకోవడం ఇంకో నేరం. చట్టం గదిలో ఉండొద్దంది, వీధిలోనూ ఉండొద్దంది. పొద్దున్న ఆరింటికి రేవులో మాత్రం ఉండాలంది. దీని మీద అధికారుల నివేదికల్లో కనిపించే తర్కం చూస్తే నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయి. నిబంధన గట్టిగా అమలు చేద్దామంటే, వీళ్ళకి వేరే చోటు లేదు కదా అంటారు. వేరే చోటు కడదామంటే, వీళ్ళు ఇక్కడ ఉండిపోయేవాళ్ళు కాదు కదా, ఖర్చెవరు పెడతారు అంటారు. ఊరి స్థలాల అభివృద్ధికని 1920 చట్టంతో రంగూన్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టారు. రోడ్లు వేశారు, శివార్లు తెరిచారు. కూలీ గదుల సంగతి మాత్రం కమిషన్ల ముందుకి వస్తూనే ఉంది. మిల్లుల వాళ్ళు కొందరు బ్యారక్‌లు కట్టారు గానీ, మిల్లు బ్యారక్‌లో ఉన్నవాడు మిల్లు పని మానెయ్యలేడు.

“వాళ్ళకి అలవాటే” అన్న మాట కూడా ఈ రాతల్లో రకరకాల వేషాల్లో ఎదురవుతుంది. తక్కువ ఖర్చుతో బతికి డబ్బు ఇంటికి పంపాలన్నదే వాళ్ళ కోరిక, అందుకే వాళ్ళే ఇలా ఉంటారు అని. దీన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. గంజాం, విశాఖ జిల్లాలకి బర్మా నుంచి మనియార్డర్లు నిజంగానే వెల్లువలా వచ్చేవి. ఇరవై రూపాయలు ఇంటికి పంపాలంటే తను మిగిలినదాంతో ఎలా బతికాడన్నది పంపినవాడికే తెలుసు. కానీ ఇరుకుని ఎంచుకున్నవాడికీ, ఇరుకు తప్ప ఇంకేదీ చూపించనివాడికీ తేడా ఉంది. అదే ఊళ్ళో మరుగునీటిని గాలి ఒత్తిడితో తోసే షోన్ పద్ధతి భూగర్భ మురుగు వ్యవస్థని 1880ల చివర్లోనే వేశారు. ఆసియాలో అలాంటివి అప్పటికి అరుదు. దాన్ని శుభ్రం చేసినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. వాళ్ళ గదుల దాకా మాత్రం ఆ ఆధునికత రాలేదు. 1905లో ప్లేగు రంగూన్ చేరాక ధాన్యం గోదాముల ఎలకలూ, ఇరుకు గదులూ కలిసి ఏం చేశాయో చెప్పక్కర్లేదు.

మేస్త్రీని దుర్మార్గుడిగా గీసేసి ఊరుకుంటే సులువు. నాకు అలా అనిపించదు. చాలాసార్లు అతను అదే ఊరివాడు, వరసకి మావో బావో. జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేవాడూ అతనే, చచ్చిపోతే కబురు పెట్టేవాడూ అతనే. కూలీకి ఆ ఊళ్ళో సొంత అడ్రసు ఉండదు కాబట్టి, ఉత్తరం రావాలన్నా మేస్త్రీ చిరునామాకే రావాలి. గదిలో ఎవరు ఉండాలన్నది కూడా ఊరూ కులమూ చూసుకునే జరిగేది. సముద్రం దాటితే కులం పోతుందని బ్రాహ్మణ్ణి భయపెట్టిన సంప్రదాయం, దాటినవాళ్ళ గదుల్లో చాపల మధ్య దూరం రూపంలో బతికే ఉంది. ఆడవాళ్ళు చాలా తక్కువ. రంగూన్‌లో తెలుగువాళ్ళంటే దాదాపు అందరూ బ్యాచిలర్లు, ఊళ్ళో పెళ్ళాం పిల్లలున్న బ్యాచిలర్లు.

ఇదే ఊళ్ళో, ఇదే పజుండౌంగ్ వైపు, ఇంకో రకం అద్దె ఇల్లు కూడా ఉండేది. దాని గురించి మనకి బాగా తెలుసు, ఎందుకంటే అందులో ఉన్నవాడు శరత్‌చంద్ర చటర్జీ. 1903లో రంగూన్ వెళ్ళి, ప్రభుత్వ లెక్కల ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1916 దాకా ఉన్నాడు. బొటటౌంగ్, పజుండౌంగ్ ప్రాంతంలో మెకానిక్కులూ, వడ్రంగులూ ఉండే పేటలో కర్ర ఇంట్లో అద్దెకుండేవాడు. మొదటి భార్యనీ, ఏడాది కొడుకునీ ప్లేగు తీసుకుపోయింది ఆ ఊళ్ళోనే. 1912లో ఇల్లు తగలబడి, రాతప్రతులు బూడిదయ్యాయి. తెలుగువాళ్ళు తమ రచయితే అనుకుని చదువుకున్న శరత్ రంగూన్‌లో మన కూలీల పక్క వీధుల్లో పదమూడేళ్ళు నడిచాడన్నది ఎందుకో మనం పెద్దగా చెప్పుకోం.

అతని ‘పథేర్ దాబీ’ 1926లో పుస్తకంగా వచ్చింది, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. విప్లవకారుడు సవ్యసాచి కోసం దాన్ని చదువుతారు. నాకు మాత్రం అది మొదలయ్యే తీరు ఇష్టం: అద్దె ఇంటి గొడవతో. ఉద్యోగానికి కొత్తగా రంగూన్ వచ్చిన అపూర్వ, నిష్ఠగల బ్రాహ్మడు, వంటవాడు తివారీతో సహా ఒక వాటాలో దిగుతాడు. పైవాటాలో జోసెఫ్ అనే క్రైస్తవుడు తాగొచ్చి నీళ్ళు కుమ్మరిస్తే చెక్కల సందుల్లోంచి కారి వంటంతా పాడైపోతుంది. గొడవ కోర్టు దాకా పోతే జరిమానా పడేది అపూర్వకే. ఒక జాతి అవమానం ఏమిటో ఆ కుర్రాడికి తెలిసేది పైవాటా నీళ్ళతోనే. తర్వాత భారతి అతన్ని కూలీల లైన్లలోకి తీసుకెళ్తుంది, అక్కడి బతుకు చూసి అతని కడుపులో తిప్పుతుంది. గుమాస్తాకి తలుపుంది, తాళముంది, పైవాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి ఒక పేరుంది. కూలీ గది నవలలోకి సందర్శన స్థలంగానే వచ్చింది. శరత్‌ని తప్పు పట్టడం లేదు, ఆ మాత్రం లోపలికి వెళ్ళింది కూడా అతనొక్కడే. తెలుగులో సోమరాజు రామానుజరావు నాటకం ‘రంగూన్ రౌడీ’ ఊరూరా ఆడింది, పేరు సామెతలా మిగిలింది. రంగం అంటే మనిషి చెడిపోయే చోటు అన్న భావం జనంలో ఎంత గట్టిగా ఉందో ఆ పేరు పలికితేనే తెలుస్తుంది. మనిషి పడుకునే చోటు ఎలా ఉండేదన్నది తెలుగు సాహిత్యం సాక్ష్యంలో నాకు పెద్దగా దొరకలేదు.

1930 మే 5. తెల్లవారకముందే గాంధీని అరెస్టు చేశారు. ఆ సాయంత్రం పెగూ భూకంపం, రంగూన్‌లోనూ గోడలు కూలి జనం చచ్చిపోయారు. ఆ రోజుల్లోనే రేవులో తెలుగు కూలీలు సమ్మెలోకి వెళ్ళారు. గాంధీ కోసమూ, కూలి పెంపు కోసమూ. ఓడలు ఆగకూడదు కాబట్టి స్టీవెడోర్ కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. అప్పటిదాకా రేవు పని బర్మా వాళ్ళ చేతిలో లేదు. వరి ధరలు పడిపోయి పల్లెల్లో బతుకు చితికి, పని కోసం పట్నం వచ్చినవాళ్ళు వాళ్ళు. మూడు వారాల తర్వాత కంపెనీలు తెలుగు కూలీలతో రాజీపడ్డాయి. మే 26 పొద్దున్న పనికి వచ్చిన బర్మా వాళ్ళకి ఇంక అక్కర్లేదు పొమ్మన్నారు. వెళ్ళిపోతున్నవాళ్ళని చూసి మనవాళ్ళు ఎగతాళి చేశారు. గొడవ అక్కడ మొదలై, గంటల్లో ఊరంతా పాకింది.

ఎగతాళి సంగతి దాచడం నాకు ఇష్టం లేదు, అది జరిగింది. కానీ ఇద్దరు పేదవాళ్ళని ఒకే పని ముందు నిలబెట్టి, మూడు వారాల తర్వాత ఒకణ్ణి పొమ్మన్న కంపెనీ ఆ రోజు వీధుల్లో ఎక్కడా లేదు.

వేటాడింది కోరంగీలనే. రిక్షా లాగుతున్నవాణ్ణి రిక్షా దగ్గరే నరికారు. అప్పుడు ఆ నంబరు వీధుల గదులు ఒక్కసారిగా కోటలయ్యాయి, బోనులూ అయ్యాయి. వందల మంది లోపలికి దూరి తలుపులు బిగించుకున్నారు. నీళ్ళు లేవు, తిండి లేదు, మరుగుదొడ్లు నిండిపోయాయి, శుభ్రం చేసేవాళ్ళు లోపలే దాక్కుని ఉన్నారు. ఇరుకు గదికి ఒకటే దారి, అది తెలిసిన గుంపు ఆ దారి దగ్గరే కాచుక్కూచునేది. అప్పట్లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేట్‌గా ఉన్న మారిస్ కోలిస్ ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ అనే పుస్తకంలో ఆ రోజుల గురించి రాశాడు. ఊరు చెత్తతో, దుర్వాసనతో నిండిపోయిందనీ, రేవు ఆగిపోయిందనీ, వీళ్ళు లేకపోతే రంగూన్ ఒక్కరోజు కూడా నడవదన్నది ఊరికి అప్పుడే తెలిసిందనీ అతని కథనం చదివితే అర్థమవుతుంది. చనిపోయినవాళ్ళు వందకి పైనే, గాయపడ్డవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. దాదాపు అందరూ తెలుగువాళ్ళు.

ప్రాణాలు దక్కినవాళ్ళలో వేలమందిని ఖాళీగా పడివున్న పాత పిచ్చాసుపత్రిలోకి చేర్చారు. కాపలా పెట్టారు, బియ్యం ఇచ్చారు. ఎనభై ఏళ్ళపాటు ఆ ఊరి బరువు మోసినవాళ్ళకి, ప్రభుత్వం తనంతట తాను ఇంతమందికి ఒకేసారి చూపించిన పైకప్పు అదే. అద్దె లేనిది. తర్వాత రేవు పనిలో బర్మా వాళ్ళకీ వాటా ఇచ్చి సర్దుబాటు చేశారు. చాలామంది దొరికిన ఓడెక్కి ఇంటికొచ్చేశారు. ఆ ఏడు కళింగపట్నంలో, భీమిలిలో దిగినవాళ్ళ పెట్టెల్లో చీరలూ అద్దాలూ ఉండి ఉండవు.

అయినా మళ్ళీ వెళ్ళారు. ఇది నన్ను ఆపే సంగతి. చచ్చిపోయినవాళ్ళ వార్తలు ఊరూరా చేరాక కూడా వెళ్ళారంటే, ఇక్కడ జమీందారీ పల్లెల్లో మిగిలింది ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు. 1938లో మళ్ళీ అల్లర్లు, ఈసారి ముఖ్యంగా ముస్లింల మీద. 1939లో జేమ్స్ బాక్స్టర్‌ని వలసల లెక్క తేల్చమన్నారు, అతని నివేదిక మీద 1941లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి. దాని సిరా ఆరకముందే జపాన్ వచ్చింది.

1941 డిసెంబరు 23 పగటిపూట బాంబులు రేవు మీదా, రద్దీ వీధుల మీదా పడ్డాయి. వీధుల్లోకి వచ్చి ఆకాశం చూస్తున్నవాళ్ళు వేలల్లో చచ్చిపోయారు. బాంబు నుంచి దాక్కోవడానికి ఇంట్లో ఒక మూల కావాలి కదా. ఆ సాయంత్రమే కూలీలు నడక మొదలెట్టారు, ఉత్తరంగా ప్రోమ్ వైపు. ఇక్కడ ఒక విడ్డూరం. వీళ్ళు పోతే రేవు ఆగిపోతుంది, యుద్ధ సామగ్రి దించేవాళ్ళుండరు. కాబట్టి దారిలో ఉన్నవాళ్ళలో చాలామందికి నచ్చజెప్పి వెనక్కి రప్పించారు, ఉండటానికి శిబిరాలు చూపిస్తామన్నారు. మార్చికి రంగూన్ పడిపోయింది. అప్పుడు మొదలైన రెండో నడక గురించి హ్యూ టింకర్ రాసిన వ్యాసం పేరే ‘మరచిపోయిన సుదీర్ఘ యాత్ర’ అని. టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి కొందరు, తమూ మీదుగా మణిపూర్‌కి ఇంకొందరు. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి ఉందన్న మాట అప్పుడు దేశమంతా మోగింది. నాలుగైదు లక్షలమంది నడిచారు. కలరాకి, ఆకలికి, అలసటకి రాలిపోయినవాళ్ళు ఎందరన్నదాని మీద చరిత్రకారులు పదివేలు మొదలు అంతకు ఎన్నో రెట్ల దాకా చెబుతారు. అమితావ్ ఘోష్ ‘ద గ్లాస్ ప్యాలెస్’ చదివినవాళ్ళకి ఆ దారి గుర్తుండే ఉంటుంది.

యుద్ధం అయ్యాక కొంతమంది తిరిగి వెళ్ళారు. అక్కడే పుట్టి, అక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్ళు అసలు రాలేదు. 1962లో నె విన్ వచ్చాడు, 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, భారతీయులు లక్షల్లో ఓడలెక్కారు. డబ్బూ నగలూ తెచ్చుకోనివ్వలేదు. తమిళులకి మద్రాసులో బర్మా బజారు దొరికింది. మనవాళ్ళకి విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు. ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా చూసి ఆ సందులు మెచ్చుకున్న మన తరంలో ఎంతమందికి, ఆ పక్కనే ఒక పేట పేరు చివర ‘క్యాంపు’ అని ఎందుకుందో తెలుసు? క్యాంపు అంటే తాత్కాలికం. తాత్కాలికంగా దిగినవాళ్ళ మనవలు ఇప్పుడు అక్కడ డాబాలకి టు-లెట్ బోర్డులు పెడుతుంటారు, ఆ బోర్డుల్లో కొన్నింటి మీద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని కూడా ఉండి ఉంటుంది.

రంగం దారి మూసుకుపోయింది గానీ, సిక్కోలు వలస ఆగలేదు. హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో అపార్టుమెంట్లు లేస్తున్న చోట రేకుల షెడ్ల దగ్గర నిలబడి వింటే “ఏటి బావూ” వినిపిస్తుంది. ముఠాని తెచ్చినవాణ్ణి ఇప్పటికీ మేస్త్రీ అనే అంటారు. షెడ్డు మేస్త్రీది కాదు, కంపెనీది, పని అయ్యాక విప్పేస్తారు. అక్కడికి ఒక కిలోమీటరు దూరంలో, ముగ్గురికి ఒక గది లెక్కన మంచాలు అద్దెకిచ్చే హాస్టల్లో ఇంకో సిక్కోలు కుర్రాడు నైట్ షిఫ్టు ముగించుకొచ్చి, కర్టెన్లు మూసి, డే షిఫ్టుకి వెళ్ళిన రూమ్మేట్ పక్క మంచం మీద పడుకుంటాడు. ఇద్దరి పరిస్థితీ ఒకటేనని నేను అనను. ఈ కుర్రాడి చేతిలో అగ్రిమెంటు కాపీ, అద్దె కట్టిన రసీదు, నచ్చకపోతే మారే వీలు ఉన్నాయి. షెడ్డులో ఉన్నవాడి దగ్గర ఆ మూడిట్లో ఏదుందో అడిగి చూడాలి.

రంగూన్‌లో ఇప్పుడు పాత కట్టడాలు కాపాడాలని ఒక ప్రయత్నం నడుస్తోంది. 2012లో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు మొదలైంది. చరిత్ర ఉన్న భవనాల గోడలకి నీలిరంగు ఫలకాలు పెట్టారు, సిటీ హాలుతో మొదలుపెట్టి. నంబరు వీధుల్లో ఫలానా గదిలో ఫలానా ఊరివాళ్ళు ఉండేవారని రాసి ఫలకం పెట్టాలంటే కుదరదు. లాడ్జింగ్ హౌస్ లైసెన్సు మీద ఉండేది తీసుకున్నవాడి పేరూ, పడుకోవలసిన తలల సంఖ్యా.